చింతపండుతో తోమిన చైను

మా అత్తయ్యకు ఏదైనా నచ్చిందంటే ముందు దాన్ని తోముతుంది. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే నా గిన్నెలన్నీ తోమింది, కిటికీల చువ్వలు తోమింది, చివరికి మా ఆయన బార్బెక్యూ పెనం కూడా తోమి దాని మీది నల్లటి పూత పూర్తిగా ఊడగొట్టింది. "ఇప్పుడు తెల్లంగా వచ్చింది చూడమ్మాయ్" అంది సంబరంగా. మా ఆయనకు ఆ పెనం ప్రాణం. అమ్మను ఏమీ అనలేక రెండు రోజులు నా మీద విసుక్కున్నాడు.

మేము చాలా ఏళ్లు సిటీ శివార్లలోని క్రెయిగీబర్న్‌లో ఉన్నాం. ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా లేని ఆ వీధిలో విసుగెత్తి, ఇంకొంచెం ఉత్తరంగా వెళ్లి ఐదెకరాల స్థలంలో ఒక పాత ఇల్లు కొన్నాం. చలికాలం ఇల్లు వెచ్చబడాలంటే కట్టెలు కావాలి. కట్టెలు కావాలంటే చైన్‌సా, అదే పళ్ల గొలుసు తిరిగే మోటారు రంపం, కావాలి. కొనడం మా ఆయన వంతు, కొయ్యడం ఇద్దరి వంతు, పదును పెట్టడం మాత్రం నా వంతు. ఊళ్లో కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ల కోసం చైన్‌సా క్లాసు పెడితే వెళ్లి నేర్చుకున్నాను. మా ఆయన ఆ విషయం ఇండియాకు ఫోన్ చేసి చెప్తే, అత్తయ్య అటునుంచి, "దాన్నెందుకురా అడివికి తోలావు" అని కొడుకును తిట్టిందట.

పదును పెట్టడం నాకు ఇష్టమైన పని. దాంట్లో బలంతో పని లేదు. చైన్‌సా పళ్లు చిన్న చిన్న కొక్కాల్లా ఉంటాయి, ఒకటి ఎడమకు తిరిగి ఉంటే తర్వాతది కుడికి. ప్రతి పంటి లోపలి వంపులో గుండ్రటి ఆకురాయి పెట్టి, లోపలి నుంచి బయటికి తొయ్యాలి. తోసేటప్పుడే తగలాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తెయ్యాలి. కోణం తప్పకుండా ఆకురాయికి ఒక గైడు తగిలిస్తాం, దాని మీద గీతలుంటాయి, ఆ గీత చైనుకు సమంగా ఉంటే చాలు. అన్ని పళ్లూ ఒకే పొడవు ఉండాలి. ఒక వైపు పళ్లు పొడుగు, ఇంకో వైపువి పొట్టి అయితే రంపం వంకరగా పోతుంది. పదును కుదిరిందో లేదో కట్టె చెప్పేస్తుంది. మొద్దు చైనుకు పిండి రాలుతుంది, పదునైన చైనుకు అటుకులు రాలతాయి.

ఆ ఏడు దసరాకు ముందు అత్తయ్య చెల్లెలికి గుండె జబ్బని తేలింది. వాళ్లది పెద్ద కథ, టూకీగా చెప్తాను. వాళ్లమ్మ తొందరగా పోతే, ఈ చెల్లెల్ని అత్తయ్యే పెంచింది. జడలు వేసింది, బడికి పంపింది, పెళ్లి చేసింది. చిన్నత్తయ్య ఇప్పుడు గుంటూరులో ఉంటుంది, మనవరాళ్లున్న మనిషి. అయినా ఆపరేషన్ అనగానే చిన్నపిల్లయిపోయింది. "అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంటేగానీ లోపలికి పోను" అని మంచం పట్టుకుని కూర్చుందట. డాక్టరు సోమవారానికి పెట్టాడు. ఇంక వాయిదా వేస్తే ప్రమాదమని కచ్చితంగా చెప్పాడు.

సరే, టికెట్ చూశాం. గురువారం సీటుంది, శుక్రవారం సీటుంది. అత్తయ్య తల అడ్డంగా ఊపింది.

"గురువారం అష్టమి, శుక్రవారం నవమి. అష్టమి నాడు, నవమి నాడు ఎవరన్నా పొలిమేర దాటతారా? శనివారం విజయదశమి. దానికంటే మంచి రోజు యాడుంది?"

"అత్తయ్యా, శనివారం బయల్దేరితే ఆదివారం రాత్రికి గానీ గుంటూరు చేరరు. మధ్యలో ఏదన్నా తేడా వస్తే?"

"దశమి నాడు తేడా ఎందుకొచ్చిద్ది?"

 శనివారం సాయంత్రం విమానానికి మిగిలిన ఒక్క సీటూ తీసుకున్నాం. మా ఆయనకు అదే వారం పెర్త్‌లో ఆఫీసు పని పడింది. గురువారం ఉదయం అమ్మ కాళ్లకు మొక్కి, నాకు అప్పగింతలు చెప్పి వెళ్లాడు. అప్పగింతల్లో చివరిది: "గరాజ్‌లో రెండు చైన్లూ బల్ల మీద పెట్టాను. ఒకదాంతో మొద్దు కోస్తుంటే మట్టి తగిలింది. రెండోది మార్చాను, దానికీ తగిలింది. ఫ్రీగా ఉన్నప్పుడు పదును పెట్టు." మట్టి తగిలితే చైను పని అయిపోయినట్టే, ఇసుక పళ్లను తినేస్తుంది. ఒకదానికి తగిలినప్పుడే ఆగొచ్చు కదా! మా ఆయన ఆగే రకం కాదు. అత్తయ్యను విమానం ఎక్కించి వచ్చాక ఆదివారం తీరిగ్గా చేసుకుందాం అనుకున్నాను.

నవమి నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి గరాజ్‌లో ఆయుధ పూజ ఏర్పాట్లు అయిపోయాయి. కారుకు, గడ్డి కోసే మెషీనుకు, మిక్సీకి, నా లాప్‌టాప్‌కు పసుపు బొట్లు. బల్ల మధ్యలో పళ్లెంలో రెండు చైన్లు చుట్టలు చుట్టి ఉన్నాయి, కొత్త వెండి గొలుసుల్లా మెరిసిపోతూ, లంకె లంకెకూ పసుపూ కుంకుమా పూసి. దీపం వెలుగులో చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. "భలే మెరుస్తున్నాయి అత్తయ్యా" అన్నాను కూడా. ఆవిడ ముఖం వెలిగిపోయింది. హారతి ఇచ్చాం, పులిహోర తిన్నాం.

ఆ రాత్రి గాలీ వానా విరుచుకుపడ్డాయి. తెల్లారి లేచి చూస్తే, మా దారికి అడ్డంగా ఒక పెద్ద గమ్ చెట్టు పడి ఉంది. మా ఇంటి నుంచి రోడ్డుకు పొడవాటి మట్టి దారి, మధ్యలో వాగు, వాగు మీద కారు పట్టేంత వెడల్పున్న కల్వర్టు. చెట్టు సరిగ్గా ఆ కల్వర్టు మీదే పడింది. కొమ్మలు నా భుజాల ఎత్తుకు ఉన్నాయి. రెండు పక్కలా వాగు ఎర్రగా పొర్లుతోంది. ఇంటి వెనక కొండ, కంచె. మూలిగే నక్క మీద తాటిపండు అంటారే, అలా ఉంది మా పని.

అత్తయ్య వరండాలో నిలబడి చూసింది. ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మెట్టు ఎక్కాలంటేనే చెయ్యి అందించాలి. "ఆ జామాయిలు చెట్టు ఇప్పుడే పడాలా" అంది నెమ్మదిగా. ఒంగోలు వైపు ఇలాంటి చెట్లను జామాయిలు అంటారు. ఆ మాటలో కోపం లేదు. అప్పుడు నాకు భయం పట్టుకుంది.

తుఫాను సాయం చేసే వాలంటీర్లకు ఫోన్ చేశాను. చాలా చోట్ల ఇళ్ల మీద పడ్డాయి, ముందు అవి చూడాలి, మీకు సాయంత్రం అవుతుంది అన్నారు. వాళ్ల తప్పు లేదు. చెట్లు కొట్టేవాళ్లకు చేశాను, ఎవరికీ తీరిక లేదు. పక్క పొలం వాళ్లు బడి సెలవులకు సముద్రం వైపు వెళ్లారు. మా ఆయనకు చేశాను.

"నువ్వు సా టచ్ చెయ్యకు. ఐ యామ్ సీరియస్. వాళ్లు వచ్చేదాకా వెయిట్ చెయ్యండి."

"ఆరింటి తర్వాత వస్తామన్నారు. అప్పటికి ఫ్లైట్ వెళ్లిపోద్ది."

"అయితే టికెట్ చేంజ్ చేద్దాం."

"చూశాను. బుధవారం దాకా ఒక్క సీటు లేదు. మీ పిన్ని అప్పటిదాకా ఆగుద్దా? ఆవిడ గుండె ఆగుద్దా?"

 "సరే, హెల్మెట్ పెట్టుకో. కొమ్మ ఎటు లాగుతోందో చూసి కొయ్యి. పక్కన అమ్మను నిలబెట్టకు" అన్నాడు. అత్తయ్య ఎదురుగా ఉంటే ఆయన్ను మీరు అంటాను, ఫోన్లో నువ్వు. ఆ రోజు ఏమన్నానో నాకే తెలియలేదు.

గరాజ్‌కు పరిగెత్తి పళ్లెంలో ఉన్న చైను ఎత్తాను. వెండిలా మెరిసిన చైను తెల్లారేసరికి ఇటుక రంగుకు తిరిగింది. ఎటు వంచితే అటే నిలబడిపోతోంది. లంకెల మధ్య పసుపు ముద్ద సిమెంటులా బిగుసుకుంది. రెండోదీ అంతే.

"అత్తయ్యా! వీటికి ఏం పూశారు?"

"ఏం పూస్తాను? జిడ్డు జిడ్డుగా ఉంటే చింతపండు నీళ్లలో రాత్రంతా నానేసి, ఉప్పేసి పీచుతో తోమా."

నాకు తల తిరిగిపోయింది. ఆ జిడ్డే చైనుకు ప్రాణం. నూనె పోతే ఇనుము ఒక్క పూటలో తుప్పు పడుతుంది, అందులోనూ వాన రాత్రి. పైగా పులుపు, ఉప్పు!

"ఇదేమన్నా ఇత్తడి చెంబా అత్తయ్యా? అడగొద్దా నన్ను? ఇప్పుడు దేంతో కొయ్యను చెట్టుని, పళ్లతోనా?"

ఇంతకు ముందెప్పుడూ ఆవిడ మీద గొంతు ఎత్తలేదు.  ఆవిడ గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని పళ్లెం వైపు చూసింది. "దేవుడి ముందు పెట్టేది మకిలిగా ఉంటే ఎట్టా అని తోమానమ్మా. నువ్వు చేసే పని, నీకు మంచి జరగాలని... నా చెల్లెలి ఉసురు నేనే పోసుకుంటానా ఏంది?" అని కళ్లు ఒత్తుకుంది. నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. అష్టమి నవములని పంతం పట్టిన మనిషి, చెల్లెలి కోసం ఆ మంచి రోజే ఏరుకుంది కదా, పాపం.

బేసిన్‌లో చైను నూనె పోసి రెండు చైన్లూ అందులో వేశాను. "అత్తయ్యా, లంకె లంకెనూ ఇట్లా అటూ ఇటూ వంచండి. చేతులు జాగ్రత్త, పళ్లు కోస్తాయి" అని నా తోలు గ్లోవ్స్ ఇచ్చాను. ఆవిడ గ్లోవ్స్ పక్కన పెట్టి పాత గుడ్డ చుట్టుకుంది. వేళ్లతో ఒక్కో లంకెనూ పట్టుకుని, చిక్కుబడ్డ జడ విప్పినట్టు ఓపిగ్గా వంచుతూ కూర్చుంది. నేను ఈలోపు చైను తిరిగే రంపం పట్టా గాడిలో పూజప్పుడు చేరిన పసుపంతా గీకి, మిగతావి సర్దుకున్నాను. కాసేపటికి మొదటి చైను మళ్లీ మెత్తగా వంగింది.

పట్టాకు చైను ఎక్కించి, పట్టాను బల్ల మీది వైసు కోరల్లో బిగించి, ఆకురాయి పట్టుకున్నాను. ఇక్కడే నేను తొందరపడ్డాను. ఒక వైపు పళ్లు చక్కగా చేశాను. గడియారం చూసి, రెండో వైపు పళ్లను రెండు మూడు రుద్దులు రుద్ది వదిలేశాను. హెల్మెట్ పెట్టుకుని, కాళ్లకు కవచం కట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లాను. సన్న కొమ్మలు ఎలాగో తెగాయి. మాను దగ్గరికి వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. ఒక వైపు అటుకులు, ఒక వైపు పిండి. కోత అరటికాయలా వంపు తిరిగి, రంపం మధ్యలో ఇరుక్కుపోయింది. ఇంజన్ ఆపి, గడ్డపారతో సందు చేసి దాన్ని బయటికి లాగాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. రంపం పట్టుకుని వెనక్కి వచ్చాను. అత్తయ్య నా ముఖం చూసి అన్నీ గ్రహించింది.

"పిండి పొంగకముందే ఇడ్లీ పొయ్యెక్కిచ్చినట్టుంది నీ పని. కూకో. మంచినీళ్లు తాగు. చెల్లెలు నాదేగదా, నేనే తొందరపడటంలేదు, నీకెందుకమ్మా?"

ఆవిడ తొందరపడకుండా ఎలా ఉందో నాకు తెలుసు. కొంగు చివరను మెలిపెట్టి మెలిపెట్టి తాడు చేసేసింది. అయినా ఆ మాట నన్ను నిలబెట్టింది. కూర్చుని నీళ్లు తాగాను.

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. అన్నిటికంటే పొట్టిగా అరిగిన పన్ను వెతికి, మిగతా అన్నిటినీ దాని పొడవుకే తేవాలి. ఎక్కడ మొదలుపెట్టామో తెలియడానికి దానికి గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే చైను తిప్పుతూ తిప్పుతూ చేసినవే మళ్లీ చేస్తాం. నా మార్కరు మా ఆయన ఎక్కడ పెట్టాడో ఏమో. "గుర్తుకు ఏదన్నా కావాలత్తయ్యా" అనగానే ఆవిడ పూజ పళ్లెంలోని కుంకుమను వేలితో తీసి ఆ పంటికి బొట్టు పెట్టింది. నూనె మీద కుంకుమ గట్టిగా అంటుకుంది, ఎంత రుద్దినా చెరగలేదు.

లోపలి నుంచి బయటికి తొయ్యడం, ఎత్తడం. మళ్లీ తొయ్యడం, ఎత్తడం. ఆకురాయి పన్ను మీద సరిగ్గా పోతున్నప్పుడు వచ్చే చప్పుడు వేరు, బరబరమనదు, ఒకే రీతిగా సన్నగా పాడుతుంది. నిదానమే ప్రధానం అని చిన్నప్పుడు పలక మీద దిద్దించినవాళ్ల మీద ఆ రోజు నాకు గౌరవం పెరిగింది. ఒక వైపు పూర్తయ్యాక రంపం తిప్పి రెండో వైపు. చివరగా ప్రతి పంటి ముందూ ఉండే చిన్న బొడిపెను చదును ఆకురాయితో కొద్దిగా దించాను, అది ఎత్తుగా ఉంటే పన్ను ఎంత పదునున్నా కట్టెను అందుకోలేదు. నేను ముగించిన ప్రతి పన్నునూ అత్తయ్య గుడ్డతో తుడిచి, కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఒకచోట "దీనికింకా తెల్లగీత కనపడతాంది" అంది. మొద్దు అంచు మీద వెలుగు పడి తెల్లగా మెరుస్తుంది, పదునైన అంచు మెరవదు. మళ్లీ రుద్దాను. గీత పోయింది.

మళ్లీ కల్వర్టు దగ్గరికి వెళ్లి రంపం మాను మీద ఆనించాను. నొక్కలేదు. దాని బరువుకు అదే దిగింది. పెద్ద పెద్ద అటుకులు నా బూట్ల మీద గుప్పుమని పడ్డాయి. నేను హెల్మెట్ లోపల పిచ్చిదానిలా నవ్వుకున్నాను. కోత నిటారుగా కిందికి వెళ్లింది, మాను ముక్క ఠపీమని విడిపోయింది. రెండోది కోశాను, మూడోది కోశాను. గడ్డపారతో దొర్లిస్తే ఒక్కొక్కటీ వాగులో పడి కొట్టుకుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య వరండాలో రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. చేతులు దించి దణ్ణం పెట్టింది. నాకో, చెట్టుకో, దేవుడికో తెలియదు.

కారు అద్దాలు దించినా మా ఇద్దరి నుంచీ పెట్రోలు వాసన. స్నానాలు చేసే టైము లేదు, ఆవిడ చీర మార్చుకుంది, నేను అదీ లేదు.  ఎయిర్‌పోర్టుకు సామాను కౌంటరు మూసే ముందు చేరాం. ఆవిడ బోర్డింగ్ పాస్ చేతికొచ్చాక నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. వచ్చేపోయే వాళ్లు చూస్తున్నారని కూడా అనిపించలేదు. అంత హాయి నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. అత్తయ్య వంగలేక వంగి నా తల మీద చెయ్యి పెట్టి, "తిట్టావని ఏమీ అనుకోలేదులే" అంది. నేను నవ్వి, ఏడ్చి, వీల్‌చైర్ తోసే అమ్మాయికి ఆవిడను అప్పగించాను.

సోమవారం ఆఫీసులో ఏ పని చేశానో దేవుడికే తెలియాలి. సాయంత్రం ఇంటి దారిలో ఉండగా ఫోన్ మోగింది. కారు పక్కకు ఆపాను.

"బయటికొచ్చిందమ్మాయ్. బానే జరిగిందంట. కళ్లు తెరిచింది."

 అత్తయ్య చెప్పుకుపోయింది. లోపలికి తీసుకెళ్లే ముందు చిన్నత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని, వెలుగులోకి తిప్పి చూసిందట. గోళ్ల చుట్టూ, వేళ్ల గీతల్లో ఇంకా నూనె నలుపు. ఎంత తోమినా పోలేదట.

"ఇదేంటక్కా, చేతులు ఇట్టా ఉన్నాయి? నువ్వేనా అసలు?" అందట చెల్లెలు.

"నువ్వేం చెప్పావత్తయ్యా?" అన్నాను. మొదటిసారి ఆవిడను నువ్వు అన్నానని తర్వాత గానీ తెలియలేదు.

"ఏం చెప్తాను? నీ దగ్గరికి దారి లేకపోతే నా కోడలూ నేనూ కోసుకుని వచ్చాం, ఇంక నువ్వు భయపడబాకే అన్నా. గమ్మున లోపలికి పోయింది."